ఎముకలు చూసి ఆడా మగా ఎలా చెబుతారు? తరచుగా అడిగే ప్రశ్నలు

చెరువు పూడిక తీస్తుంటేనో, పాడుబడ్డ బావి శుభ్రం చేస్తుంటేనో, పునాది తవ్వుతుంటేనో అస్థిపంజరం బయటపడిందన్న వార్తలు జిల్లా పేజీల్లో వస్తూనే ఉంటాయి. ఇంకా ఎవరూ ఎముకను చేతిలోకి తీసుకుని కొలవకముందే అది మగమనిషిదని, వయసు ఇంత ఉండొచ్చని రాసేస్తారు. అసలు ఆ సంగతి ఎలా తేలుస్తారు, ఎంతవరకు నమ్మొచ్చు, ఎక్కడ నమ్మకూడదు అన్నవి చాలామంది అడుగుతున్నారు. లా చదివేవాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఎస్సైలు, తప్పిపోయిన మనిషి కోసం తిరుగుతున్న కుటుంబాలు ముఖ్యంగా అడిగే ప్రశ్నలు ఇవి.

ఎముకలు దొరకగానే మొదట తేల్చేది ఆడా మగా అనేనా?

కాదు. మొదట అవి ఎముకలేనా, ఎముకలైతే మనిషివేనా అన్నది చూడాలి. మేక, గొర్రె, పంది ఎముకల ముక్కలు మనిషివని పొరబడి స్టేషన్‌కు తెచ్చిన సందర్భాలు కొత్తేమీ కాదు. తర్వాత ఒకరివా, అంతకంటే ఎక్కువమందివా అని చూస్తారు. రెండు కుడి తొడ ఎముకలు దొరికితే కనీసం ఇద్దరున్నట్టే. ఆ తర్వాతే ఆడా మగా, వయసు, ఎత్తు, చనిపోయి ఎంతకాలమైంది, గాయాలున్నాయా అన్న వరుస వస్తుంది.

ఇంకొకటి కూడా ముందే చూసుకోవాలి. ఎంబీబీఎస్ విద్యార్థులు చదువుకోవడానికి వాడే బోన్ సెట్లు కొన్నిసార్లు చెత్తకుప్పల్లో, ఖాళీ చేసిన అద్దె గదుల్లో దొరికి పెద్ద కలకలం రేపుతాయి. ఎముకకు వార్నిష్ పూత, తీగ దూర్చిన రంధ్రాలు, పెన్నుతో గీసిన కండరాల గుర్తులు, అడ్డంగా నున్నగా కోసిన పుర్రె పైకప్పు కనిపిస్తే కథ వేరు.

అంత వరుసలో ఆడా మగా అన్నదానికెందుకు అంత ప్రాముఖ్యం?

తప్పిపోయినవాళ్ల జాబితాతో పోల్చేటప్పుడు ఆ ఒక్క మాటతో ఇంచుమించు సగం పేర్లు పక్కకు పోతాయి. అందులో ఉన్న మేలు, ప్రమాదం రెండూ అదే. మాట సరైనదైతే వెతుకులాట తేలికవుతుంది. తప్పైతే అసలు మనిషి పేరు ఆ పక్కకు పెట్టిన సగంలో ఉండిపోతుంది, ఆ ఫైలును మళ్లీ ఎవరూ తెరవరు. వయసు అంచనాలో ఐదేళ్లు అటూ ఇటూ అయితే వెతికే పరిధి కాస్త పెంచుకుని సర్దుకోవచ్చు. ఆడా మగా విషయంలో అలా సర్దుకునే వీలు లేదు.

పైగా తర్వాత వేసే లెక్కలన్నీ దీని మీదే ఆధారపడతాయి. తొడ ఎముక పొడవును బట్టి ఎత్తు చెప్పే సూత్రాలు ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరు. ఎముకల చివర్లు అతుక్కునే వయసు ఆడపిల్లల్లో ముందుగా వస్తుంది. మొదటి అడుగు తప్పితే ఎత్తు, వయసు కూడా దాని వెంటే తప్పుతాయి.

అన్నిటికంటే నమ్మదగిన ఎముక ఏది?

కటి భాగం, అంటే పెల్విస్. ఇందులో పెద్దగా వాదన లేదు. మిగతా ఎముకల్లో కనిపించే తేడా ఎక్కువగా పరిమాణానికి, కండర బలానికి సంబంధించింది. కటిలో తేడా మాత్రం బిడ్డ తల బయటికి వచ్చే దారికి సంబంధించింది. అందుకే పొట్టిగా, సన్నగా ఉన్న మగవాడి కటి కూడా మగ కటిలాగే ఉంటుంది. బాగా ఎత్తుగా, బలంగా ఉన్న స్త్రీ కటి కూడా ఆడ కటిలాగే ఉంటుంది.

కటి మొత్తం దొరికితే ముందు నుంచి చూడగానే కొన్ని తేడాలు తెలుస్తాయి. స్త్రీలలో లోపలి దారి గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది. పురుషుల్లో హృదయం ఆకారంలో, ఇరుకుగా ఉంటుంది. రెండు ప్యూబిస్ ఎముకలు ముందు కలిసే చోట కింద ఏర్పడే కోణం స్త్రీలలో 90 డిగ్రీలకు దగ్గరగా లేదా అంతకంటే విశాలంగా ఉంటుంది, పురుషుల్లో బాగా తక్కువ. తొడ ఎముక తల కూర్చునే గుంట పురుషుల్లో పెద్దది. దాని అడ్డుకొలత, ఆ గుంట అంచు నుంచి ముందు కీలు దాకా ఉన్న దూరం మగవాళ్లలో దాదాపు సమానం. ఆడవాళ్లలో ఆ దూరమే ఎక్కువ, ఎందుకంటే వాళ్ల ప్యూబిస్ పొడవు. వెన్నెముక అడుగున ఉండే త్రికోణపు ఎముక, అంటే శాక్రం, ఆడవాళ్లలో పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. మగవాళ్లలో నడుం వెన్నుపూస ఆనే మధ్య భాగమే శాక్రం పై వెడల్పులో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది.

కానీ నేలలోంచి వచ్చే ఎముకలు పాఠ్యపుస్తకంలో బొమ్మలా నిండుగా రావు. నక్కలు, కుక్కలు లాగేస్తాయి, జేసీబీ పళ్లు తగులుతాయి. అప్పుడు ఆసరా అయ్యేవి చిన్న గుర్తులు. 1969లో ఫెనిస్ అనే అమెరికన్ ఆంత్రొపాలజిస్టు (మానవ శాస్త్రవేత్త) ప్యూబిస్ మీదే మూడు గుర్తులు చూపించారు. ప్యూబిస్ ముందు వైపున ఏటవాలుగా సాగే సన్నని ఎముక గట్టు స్త్రీలలో ఉంటుంది. కీలు కింద అంచు స్త్రీలలో లోపలికి వంగి ఉంటుంది, పురుషుల్లో తిన్నగా ఉంటుంది లేదా బయటికి ఉబుకుతుంది. అదే అంచును లోపలి వైపు నుంచి చూస్తే స్త్రీలలో పదునైన సన్నని గట్టు, పురుషుల్లో వెడల్పాటి చదును. ఈ మూడింటితో 96 శాతం దాకా సరిగ్గా చెప్పవచ్చని ఆయన ప్రకటించారు. తర్వాత వేరే బృందాలు వేరే ఎముకల మీద పరీక్షిస్తే కొన్నిచోట్ల అంత రాలేదు, కొన్నిచోట్ల వచ్చింది. 2012లో క్లేల్స్, ఔస్లీ, వోల్నర్ ఈ పద్ధతిని మెరుగుపరిచారు. గుర్తు ఉందా లేదా అనడానికి బదులు ప్రతి గుర్తుకూ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేసి, వాటి నుంచి సంభావ్యత లెక్కగట్టే దారి చూపారు. నా దృష్టిలో అసలైన మార్పు అదే. ‘నాకు ఆడమనిషిలా అనిపిస్తోంది’ అనే నిపుణుడి మాట కోర్టులో నిలబడటం కష్టం. మార్కులు, లెక్క చూపిస్తే ఎదుటి లాయరు వాటిని పరీక్షించగలడు, ఇంకో నిపుణుడు మళ్లీ కొలిచి సరిచూడగలడు.

ప్యూబిస్ పలచని ఎముక, ముందుగా విరిగిపోయేది అదే. తుంటి ఎముక వెనక అంచులో ఉండే నొక్కు, అంటే సయాటిక్ నాచ్, గట్టిది, ఎక్కువకాలం నిలుస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు అందులో బొటనవేలు పెట్టి చూస్తారు. వేలు అటూ ఇటూ ఆడేంత చోటుంటే స్త్రీ వైపు, బిగుతుగా పడితే పురుషుడి వైపు మొగ్గు చూపుతారు. వేగంగా చూడటానికి ఇది బాగుంటుంది. కానీ మధ్యస్థంగా ఉండే నాచ్‌లు చాలా ఎక్కువ, దీనొక్కదాని మీదే రిపోర్టు రాయడం సరికాదు.

పుర్రె చూసి చెప్పలేరా? సినిమాల్లో ఎప్పుడూ పుర్రెనే చూపిస్తారు.

చెప్పవచ్చు, కానీ పుర్రె రెండో వరుస సాక్షి. ప్రధానంగా ఐదు చోట్ల చూస్తారు. మెడ కండరాలు పట్టుకునే వెనక గట్టు, చెవి వెనక కిందికి దిగే మాస్టాయిడ్ బుడిపె, కనుగుంట పై అంచు, కనుబొమల మధ్య ఉబ్బు, గడ్డం. మగవాళ్లలో ఇవి బరువుగా, గరుకుగా ఉంటాయి. కనుగుంట అంచు మాత్రం ఆడవాళ్లలో పదునుగా, మగవాళ్లలో మొద్దుగా ఉంటుంది. దాన్ని చూడటం కంటే వేలితో తడిమి తెలుసుకోవడమే మేలు. వాకర్ 2008లో ఈ ఐదింటికీ ఒకటి నుంచి ఐదు మార్కుల పద్ధతిలో సమీకరణాలు ఇచ్చారు, ఇప్పటికీ ఎక్కువగా వాడేది అదే.

పుర్రెతో చిక్కు ఏమిటంటే వయసు దాన్ని మార్చేస్తుంది. ఇరవై ఏళ్ల కుర్రాడి పుర్రె నున్నగా ఉండి స్త్రీ పుర్రెలా కనిపించవచ్చు. వయసు పైబడిన స్త్రీ పుర్రెలో గట్లు, ఉబ్బులు పెరిగి పురుషుడిదిలా అనిపించవచ్చు. చూసేవాళ్ల మనసు కూడా ఒకవైపు వాలుతుంది. పురావస్తు తవ్వకాల రిపోర్టుల్లో పురుషుల సంఖ్య ఉండాల్సినదానికంటే సుమారు 12 శాతం ఎక్కువగా తేలుతోందని 1972లో వైస్ ఎత్తిచూపారు. పెద్దగా, గరుకుగా ఉన్నదేదైనా మగవాడిదని రాసేసే అలవాటు వల్ల వచ్చిన తేడా అది.

కింది దవడ గురించి కూడా ఒక మాట. దవడ నిలువు భాగం వెనక అంచు వంపును చూసి 90 శాతానికి పైగా సరిగ్గా చెప్పవచ్చని 1996లో ఒక పరిశోధన వచ్చింది. తర్వాత స్వతంత్రంగా పరీక్షించినవాళ్లకు ఆ స్థాయి ఫలితం రాలేదు. ఆ వంపు ఒక్కటి చూసి ఖాయంగా చెప్పే రిపోర్టును అడిగి నిలదీయవచ్చు.

కటి, పుర్రె రెండూ లేకపోతే?

అప్పుడు కొలతల పని. తొడ ఎముక తల అడ్డుకొలత, భుజం ఎముక తల అడ్డుకొలత, కీళ్ల వెడల్పులు, రొమ్ము ఎముక పొడవు. నిజానికి పుర్రె లేకుండా చేయి, కాలు ఎముకలు మాత్రమే ఉన్నాయని నిరాశపడనక్కర్లేదు. 2011లో స్ప్రాడ్లీ, జాంట్జ్ అమెరికా ఎముకల మీద చేసిన పోలికలో పొడవాటి ఎముకల కొలతలు పుర్రె కంటే బాగా పనిచేశాయి. చాలాకాలంగా ఉన్న ‘కటి తర్వాత పుర్రె’ అనే వరుస వాళ్ల పనితో కదిలింది. మన కాలేజీల్లో పాఠం చెప్పేవాళ్లు దీన్ని తప్పకుండా చేర్చాలి.

‘95 శాతం కచ్చితం’ అంటుంటారు. ఆ అంకె ఎక్కడిది?

మన ఫోరెన్సిక్ మెడిసిన్ విద్యార్థులందరూ బట్టీపట్టే లెక్క అమెరికన్ ఆంత్రొపాలజిస్టు క్రాగ్‌మన్‌ది, 1962 నాటిది. మొత్తం అస్థిపంజరం ఉంటే 100, కటి ఒక్కటే ఉంటే 95, పుర్రె ఒక్కటే ఉంటే 90కి కాస్త పైన, రెండూ కలిస్తే 98, పొడవాటి ఎముకలు మాత్రమే ఉంటే 80 శాతం. అమెరికాలో ఒక పాత ఎముకల సేకరణ మీద, ఎంతో అనుభవం ఉన్న ఒక వ్యక్తికి వచ్చిన ఫలితాలు అవి. పగిలిన, కాలిన, వేరే జనాభాకు చెందిన ఎముకకు అదే శాతాన్ని తగిలించడం తప్పు. అసలు రిపోర్టులో ఉండాల్సింది పుస్తకంలోని శాతం కాదు, ఈ ఎముకకు ఈ పద్ధతిలో వచ్చిన సంభావ్యత. ఫ్రాన్స్‌లో 2005లో రూపొందిన డీఎస్‌పీ పద్ధతి ఈ విషయంలో నాకు బాగా నచ్చుతుంది. తుంటి ఎముక మీద పది కొలతల్లో కనీసం నాలుగు దొరికితే చాలు లెక్క వేస్తుంది. సంభావ్యత 95 శాతం దాటితేనే ఆడ లేదా మగ అంటుంది, లేకపోతే తేలలేదని చెబుతుంది.

విదేశీ కొలతలు మనవాళ్లకు సరిపోతాయా?

చాలావరకు నేరుగా సరిపోవు. కటి ఆకారం చూసే గుర్తులు దాదాపు అన్ని జనాభాల్లోనూ పనిచేస్తాయి. పరిమాణం మీద ఆధారపడే హద్దు గీతలు మాత్రం జనాభా మారితే మారతాయి. అమెరికాలో వాడుకలో ఉన్న ఒక పాత కొలమానం ప్రకారం తొడ ఎముక తల 42.5 మి.మీ. కంటే చిన్నదైతే స్త్రీ, 47.5 మి.మీ. దాటితే పురుషుడు. మన దగ్గర చిన్న ఎముకలున్న పురుషులు ఎక్కువ. ఆ గీతను అలాగే తెచ్చి వాడితే వాళ్లలో చాలామంది ‘తేలలేదు’ గడిలో, కొందరు ఏకంగా స్త్రీల గడిలో పడతారు. రొమ్ము ఎముక పొడవు 149 మి.మీ. దాటితే పురుషుడు అని యూరప్‌వాళ్ల మీద ఆష్లీ పెట్టిన నియమమూ అలాంటిదే. 1980లో జిత్, ఆయన సహచరులు ఉత్తర భారతీయుల రొమ్ము ఎముకలు కొలిచి మనకు వేరే గీతలు కావాలని చూపించారు. ఉత్తర భారతీయుల గీత కోస్తా జిల్లాల మనిషికో, ఆదిలాబాద్ గిరిజనుడికో సరిపోతుందా అన్నది మళ్లీ కొలిచి చూడాల్సిన విషయమే.

దీనికి మూలం మనకు పేరు, వయసు, ఆడా మగా నమోదై ఉన్న ఎముకల సేకరణలు పెద్దగా లేకపోవడం. ఎక్కువమందిని దహనం చేస్తాం. చాలాకాలం పాటు కలకత్తా నుంచి ప్రపంచ వైద్య కళాశాలలకు మానవ అస్థిపంజరాలు ఎగుమతి అయ్యాయి. 1985లో ప్రభుత్వం నిషేధించేదాకా అది సాగింది. అలా వెళ్లిన ఎముకల్లో అత్యధికం ఎవరివో చెప్పే కాగితం లేదు. కాబట్టి అవి పద్ధతులు పరీక్షించడానికి పనికిరావు. శరీరదానం చేసినవాళ్ల వివరాలతో, కుటుంబాల అనుమతితో, మన కాలేజీల్లో ఎముకల సేకరణలు తయారు కావాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఆసుపత్రుల్లో రోజూ తీసే సీటీ స్కాన్లు కూడా ఇందుకు పనికొస్తాయి. బతికున్న మనిషి ఆడా మగా అన్నది రికార్డులో ఉంటుంది, ఎముకను తెరమీదే కొలవచ్చు.

చిన్నపిల్లల ఎముకలైతే?

ఎముక ఆకారం చూసి చెప్పకూడదు. స్పష్టమైన తేడాలన్నీ యుక్తవయసులో హార్మోన్లు పనిచేయడం మొదలయ్యాక వచ్చేవే. అంతకుముందు ఉండే చిన్న చిన్న తేడాల మీద ఎన్నో పద్ధతులు వచ్చాయి, వేటికీ కేసులో నిలబడేంత బలం లేదు. 2006 చివర్లో నోయిడా దగ్గర నిఠారీలో పిల్లల ఎముకలు బయటపడినప్పుడు గుర్తింపు కోసం నమూనాలు హైదరాబాద్‌లోని డీఎన్ఏ ల్యాబ్ సీడీఎఫ్‌డీకి పంపి డీఎన్ఏ పరీక్షలు చేయించింది ఇలాంటి అవసరం వల్లే. పదేళ్ల లోపు బిడ్డ ఎముకల రిపోర్టులో డీఎన్ఏ ప్రస్తావన లేకుండా బాలుడని గానీ బాలికని గానీ రాసి ఉంటే ఆధారమేమిటో తప్పక అడగాలి.

డీఎన్ఏ ఉండగా ఈ కొలతలన్నీ ఎందుకు?

ఎముక పరీక్ష బల్ల మీద కొన్ని గంటల్లో అయిపోతుంది, పోలీసులకు వెతకాల్సిన దారి వెంటనే చెబుతుంది. డీఎన్ఏకి సమయం పడుతుంది, పోల్చడానికి బంధువుల నమూనా కావాలి, మన ఎండకూ తడికీ ఎముకలో డీఎన్ఏ త్వరగా చెడిపోతుంది. తొడ ఎముక గట్టి మధ్య భాగం, దంతాలు, చెవి లోపలి భాగాన్ని కప్పి ఉండే గట్టి ఎముక, ఇవే మంచి నమూనాలు.

డీఎన్ఏ కూడా కళ్లు మూసుకుని నమ్మే సాక్షి కాదు. దీనికి మంచి ఉదాహరణ హైదరాబాద్ నుంచే వచ్చింది. మామూలుగా ఆడా మగా తేల్చడానికి అమెలోజెనిన్ అనే జన్యువును చూస్తారు. ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీదా, వై మీదా ఉంటుంది. ఎక్స్ మీది ముక్క వై మీదిదానికంటే ఆరు అక్షరాలు పొట్టి. అందువల్ల ఎక్కువగా వాడే పరీక్షలో స్త్రీకి 106 పొడవున్న ముక్క ఒక్కటే కనిపిస్తుంది. పురుషుడికి 106, 112 రెండూ కనిపిస్తాయి. అక్కడి జన్యు పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్, రెడ్డి, లాల్జీ సింగ్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో 270 మంది భారతీయ పురుషులను పరీక్షిస్తే ఐదుగురిలో వై మీది ఆ భాగమే లేదు. అంటే వాళ్లు ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లే, కానీ ఈ పరీక్ష వాళ్లను స్త్రీలని చెబుతుంది. తర్వాతి పెద్ద సర్వేల్లో ఈ శాతం ఇంతకంటే చాలా తక్కువగానే వచ్చినా సున్నా కాలేదు. అందుకే ఎస్ఆర్‌వై లాంటి వై మీది ఇతర గుర్తులను కూడా కలిపి చూడాలి. ఇంకో ఉపయోగం కూడా గమనించండి. కటి ఎముక స్పష్టంగా మగవాడిదని చెబుతుంటే అమెలోజెనిన్ స్త్రీ అని చెప్పినప్పుడు, ఏదో తేడా ఉందని పట్టించేది ఆ పాతకాలపు ఎముక పరీక్షే.

2017 నుంచి ఇంకో దారి తెరుచుకుంది. పంటి ఎనామెల్‌లో అమెలోజెనిన్ ప్రొటీన్ ముక్కలు వేల ఏళ్లు నిలుస్తాయి. వాటిని అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీతో చదివి చెప్పవచ్చు, పసిపిల్లల పళ్లతో కూడా. ఇటలీలోని మోడెనాలో చేయి చేయి పట్టుకుని పాతిపెట్టిన జంట ఎముకలు 2009లో దొరికాయి. అందరూ ప్రేమికులైన స్త్రీ పురుషులనుకున్నారు. 2019లో పళ్లు పరీక్షిస్తే ఇద్దరూ పురుషులే. అయితే వై మీద అమెలోజెనిన్ లేని మగవాడి చిక్కు ఇక్కడా ఉంటుంది, మనవాళ్ల పళ్లు చదివేటప్పుడు అది గుర్తుంచుకోవాలి.

కాలిన ఎముకల సంగతి?

కష్టమే, కానీ ఆశ వదులుకోనక్కర్లేదు. వేడికి ఎముక కుంచించుకుపోతుంది, వంగుతుంది, పగుళ్లిస్తుంది. నల్లగా మాడిన ఎముక కంటే తెల్లబడిపోయినది ఎక్కువ వేడి తిన్నట్టు. తెల్లబడిన ఎముకను కొలిచి మామూలు గీతలతో పోలిస్తే పురుషుడు కూడా స్త్రీలా వస్తాడు. కాబట్టి కొలతలు పక్కన పెట్టి ఆకారం చూసే గుర్తులను, సయాటిక్ నాచ్ ముక్కను, కనుగుంట అంచును వెతకాలి. సాక్ష్యం మాయం చేయడానికి తగలబెట్టిన కేసుల్లో బూడిదను జల్లెడ పట్టకుండా పార పెట్టి ఎత్తేస్తే ఆ చిన్న ముక్కలే పోతాయి.

ఎముకలు చూసి ఆమెకు కాన్పు అయిందో లేదో చెప్పగలరా?

చెప్పలేరు. ప్యూబిస్ వెనక గుంటలు కనిపిస్తే ప్రసవం జరిగినట్టని ఒకప్పుడు రాసేవారు. బిడ్డలు లేని స్త్రీలలోనూ, కొందరు పురుషుల్లోనూ అలాంటి గుంటలు కనిపించాయి. కన్న బిడ్డల సంఖ్యకూ వాటికీ పొంతన లేదు. ఇంకా కొన్ని పాత నోట్సుల్లో ఆ మాట అలాగే ఉంది. పెళ్లికాని అమ్మాయి తప్పిపోయిన కుటుంబానికి ఇలాంటి రిపోర్టు ఎంత బాధ కలిగిస్తుందో ఆలోచించాలి.

మగవాళ్లకు ఒక పక్కటెముక తక్కువ ఉంటుందంటారు, నిజమా?

కాదు. ఇద్దరికీ పన్నెండు జతలే. కొద్దిమందికి అదనంగా ఒకటి ఉంటుంది. దానితో ఆడా మగా తేల్చరు.

పక్కన దొరికిన గాజులు, మెట్టెలు, మొలతాడు చాలవా?

అవి ఆధారాలే, తప్పకుండా సీజ్ చేసి ఫొటో తీయాలి. మన ప్రాంతంలో నడుం దగ్గర వెండి మొలతాడు, కాలివేళ్ల ఎముకల దగ్గర మెట్టెలు దొరికితే ఎవరికైనా వెంటనే ఒక అభిప్రాయం కలుగుతుంది. కానీ ఎముకలు పరీక్షించేవాళ్లకు అవి ముందుగా చూపించకపోవడమే మంచిది. ముందే అభిప్రాయం పడితే కన్ను దానికి తగ్గట్టే చూస్తుంది. స్వీడన్‌లోని బిర్కాలో 1878లో కత్తి, బాణాలు, రెండు గుర్రాలతో పాటు దొరికిన ఒక వైకింగ్ సమాధిని నూరేళ్లకు పైగా యోధుడిదనే చెప్పుకున్నారు. ఎముకలు స్త్రీవేనని మధ్యలో ఒకరిద్దరు చెప్పినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2017లో డీఎన్ఏ ఆమె స్త్రీ అని తేల్చింది. హత్య కేసుల్లో ఇంకో కోణం కూడా ఉంది. దారి తప్పించడానికి వేరేవాళ్ల వస్తువులు శవం దగ్గర వేయడం నేరస్థులకు తెలియని విద్యేమీ కాదు.

చాలామంది ఎముకలు కలిసిపోతే ఎలా?

అప్పుడు ప్రతి ఎముకకూ విడిగా తేల్చాలి. ఒక పుర్రె మగవాడిదని తేలితే దాని పక్కనున్న కటి కూడా అతనిదే అనుకోకూడదు. పంజాబ్‌లోని అజ్నాలాలో 2014లో ఒక పాత బావిలోంచి పెద్ద ఎత్తున ఎముకలు తీశారు. 1857లో లాహోర్ దగ్గర మియాన్ మీర్ నుంచి తిరగబడి వచ్చిన 26వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ సిపాయిలను చంపి అందులో పడేశారన్నది చరిత్ర. శాస్త్రవేత్తలు లేకుండా స్థానికులే తవ్వడంతో ఎముకలు విరిగి, కలగలిసి, ఎవరి పక్కన ఎవరున్నారన్న సమాచారం పోయింది. అందుకే ఎక్కువగా పళ్ల మీద ఆధారపడాల్సి వచ్చింది. చివరికి సీసీఎంబీ డీఎన్ఏ పరీక్షలు, పళ్లలోని ఐసోటోపుల (పెరిగిన చోటి తిండి, నీటి జాడ చెప్పే మూలక రూపాల) విశ్లేషణ కలిసి, 2022లో వచ్చిన పరిశోధనలో వాళ్లు గంగా మైదానం మనుషులని బలపరిచాయి. భక్తితోనే తవ్వారు, కాదనను. కానీ ఆ బావిలో ఎముకలు పడి ఉన్న వరుస ఇక ఎప్పటికీ తిరిగి రాదు.

చనిపోయింది ట్రాన్స్‌జెండర్ వ్యక్తి అయితే?

ఎముకలు చెప్పేది యుక్తవయసులో ఆ శరీరంలో పనిచేసిన హార్మోన్ల కథ. ఆ మనిషి ఎలా బతికారు, ఏ పేరుతో పిలిపించుకున్నారు అన్నది ఎముకలో ఉండదు. పెద్దయ్యాక హార్మోన్లు వాడినంత మాత్రాన కటి ఆకారం తిరిగి మారదు. నుదుటి ఎముకకో దవడకో శస్త్రచికిత్స జరిగి ఉంటే ఆ గుర్తులు, ప్లేట్లు కనిపించవచ్చు, అవి గుర్తింపుకు చాలా విలువైనవి. వై క్రోమోజోమ్ ఉండి కూడా పుట్టుకతో స్త్రీ శరీరంతో పెరిగేవాళ్లు అరుదుగా ఉంటారు. వాళ్ల డీఎన్ఏ పురుషుడని చెబుతుంది, ఇంట్లోవాళ్లు మాత్రం తమ కూతురి కోసం వెతుకుతుంటారు. అందువల్ల జాబితాలో మొదటి వెతుకులాటలో ఎవరూ దొరకనప్పుడు రెండో సగాన్ని కూడా తప్పకుండా తిరగేయాలి.

చట్టం ప్రకారం ఈ పని ఎవరిది? ఎముకలు కనబడితే నేనేం చేయాలి?

ముట్టుకోకండి, పుర్రెను పైకి తీసి ఫొటోలు దిగకండి, 112కి ఫోన్ చేయండి. పోలీసులు నేర విచారణ ప్రక్రియ చట్టం బీఎన్ఎస్ఎస్ 194వ సెక్షన్ కింద పంచనామా చేస్తారు. పాతిపెట్టిన శవాన్ని వెలికితీయాలంటే 196వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. మన దగ్గర సాధారణంగా తహసీల్దారు సమక్షంలో జరుగుతుంది. ఎముకలను ప్రభుత్వ వైద్య కళాశాల ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగానికి పంపుతారు, డీఎన్ఏ నమూనా ఫోరెన్సిక్ ల్యాబ్ ఎఫ్ఎస్ఎల్‌కు వెళ్తుంది. నిపుణుడి అభిప్రాయం భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్ కింద కోర్టు ముందుకు వస్తుంది. అది అభిప్రాయమే కాబట్టి ఆధారాలు చూపించమని అడిగే హక్కు రెండు పక్షాలకూ ఉంటుంది.

ఒక విన్నపం. తవ్వేటప్పుడు చేతి, కాలి వేళ్ల ఎముకల దాకా ఏరాలి. కటి ముక్కలను గోనెసంచిలో పుర్రెతో కలిపి వేయకూడదు, దారిలో రాసుకుని ప్యూబిస్ అంచులు అరిగిపోతాయి. విడివిడి కాగితపు కవర్లు వాడటం పెద్ద ఖర్చు కాదు.

రిపోర్టులో ‘తేలలేదు’ అని రాశారు. డాక్టరుగారికి చేతకాలేదనుకోవాలా?

అనుకోవద్దు. ఆధారం అంతే ఉన్నప్పుడు రాయగలిగిన నిజాయితీ గల మాట అది. పోలీసుల తొందర, మీడియా టెన్షన్ మధ్య అలా రాయడానికి ధైర్యం కావాలి. ‘పురుషుడై ఉండే అవకాశం ఎక్కువ’ అనే మాట కూడా అంతే విలువైనది, రెండో సగం ఫైళ్లను మూసేయకుండా ఉంచుతుంది.

మా ఇంటి మనిషి కనిపించడం లేదు. దొరికిన ఎముకలు మావాళ్లవేనని అనుమానం. కానీ రిపోర్టులో ఆడా మగా వేరేగా ఉంది. అంతటితో వదిలేయాలా?

వదిలేయకండి. ముందు ఏ ఎముకను చూసి చెప్పారో కనుక్కోండి. పూర్తి కటి చూసి చెప్పారా, విరిగిన పుర్రె ముక్క చూసి చెప్పారా అన్నదాన్ని బట్టి ఆ మాట బరువు మారుతుంది. దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా డీఎన్ఏ పోలిక కోరండి. తల్లిదండ్రుల నమూనా ఉత్తమం, లేకపోతే పిల్లలది. వాళ్లూ లేకపోతే తల్లి వైపు బంధువులతో మైటోకాండ్రియల్ డీఎన్ఏ (తల్లి నుంచే వచ్చే డీఎన్ఏ) పోల్చవచ్చు. పంటి డాక్టరు తీసిన ఎక్స్‌రేలు, పాత ఫ్రాక్చర్ ఫిల్ములు, ఎముకకు వేసిన ప్లేట్లు, రాడ్ల బిల్లులు వెతికి ఇవ్వండి, కొన్ని ప్లేట్ల మీద తయారీ నంబరు ఉంటుంది. పళ్లు కనిపించేలా నవ్వుతున్న ఫొటో ఉంటే పెద్ద సైజులో ఇవ్వండి, పుర్రె బొమ్మ మీద ఫొటోను పెట్టి పోల్చే సూపరింపొజిషన్‌కు పనికొస్తుంది. ఇచ్చిన ప్రతిదానికీ రసీదు తీసుకోండి. ఒరిజినల్ ఫిల్ములు ఇచ్చేముందు ఇంట్లో ఒక కాపీ ఉంచుకోండి.